ఇంటి వైఫైకి తాళం

(జగ్గయ్యపేటలో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, “చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి చెప్పే పెద్దలు ఉన్నారు గదా సాహెబ్, టెలిఫోను స్తంభాలు ఎక్కి దిగి రిటైరైనవాడిని, నేనేం చెబుతాను?” అన్నాను. “భాయ్, మీకు తెలిసిన తీగల సంగతే చెప్పండి” అన్నారు. తీగల సంగతే చెబుదామంటే ఇప్పుడు తీగ ఏదీ? గుమ్మం దాకా వచ్చి ఒక తెల్ల బాక్సులో దూరి ఆగిపోతుంది. అక్కడి నుండి అంతా గాలిలోనే. ఆ గాలిలోని సంగతి గురించే నాలుగు మాటలు మనవి చేసుకుంటాను. ఇంట్లో వైఫై ఉన్నవారందరికీ ఇది అవసరమని నా నమ్మకం.

మా చిన్నతనంలో వైర్‌లెస్ అంటే పోలీసుల దగ్గర ఉండేది. ఇంట్లో మామూలు రేడియో పెట్టుకోవాలన్నా పోస్టాఫీసులో లైసెన్సు కట్టవలసి వచ్చేది. అటువంటి దేశంలో 2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్జ్ అనే తరంగాల పట్టీని లైసెన్సు లేకుండా ఎవరైనా వాడుకోవచ్చునని ప్రభుత్వం ప్రకటించింది. మన ఇళ్ళలో వైఫై నడిచే పట్టీల్లో ముఖ్యమైనది అదే. లైసెన్సు పోయింది, మంచిదే. కాని లైసెన్సుతోపాటు జవాబుదారీ కూడా పోయిందని మనవాళ్ళు అనుకున్నారు. అది పోలేదు. సర్కారు మెడ నుండి ఇంటి యజమాని మెడ మీదకు మారింది, అంతే.

పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. నల్ల టెలిఫోను, గుండ్రటి డయలు. ఆ డయలు చిల్లులో చిన్న తాళంకప్ప వేసేవారు. దుకాణానికి వచ్చినవాళ్ళు, పనివాళ్ళు, చుట్టపుచూపుగా వచ్చిన బావమరుదులు ఎక్కడెక్కడికో ఫోన్లు చేస్తే బిల్లు మనకు వచ్చేది గనుక. బిల్లు చూసి లబోదిబోమంటూ ఆఫీసుకు వచ్చినవారిని నేను ఎందరినో చూశాను. “నేను చేయలేదండీ” అనేవారు. నిజమే, ఆయన చేసి ఉండడు. కాని మీటరు కదిలింది ఆయన లైను మీద. ఆ తాళంలో ఇంకో తమాషా కూడా ఉన్నది. తాళం వేసి ఉన్నా, రిసీవరు పెట్టే మీటను లెక్కప్రకారం టకటక కొడితే నెంబరు పోయేది. అయిదు అంకెకు అయిదు దెబ్బలు. కుర్రవాళ్ళు ఆ విద్య ఒక్క రోజులో నేర్చుకునేవారు, ఇంటాయనకు మాత్రం పదేళ్ళకు కూడా తెలిసేది కాదు. తాళం వేశానన్న ధైర్యంతో నిద్రపోయేవాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకు వస్తాను.

మన మెట్ట ప్రాంతానికి ఇంటర్నెట్ నిదానంగానే వచ్చింది. మొదట టెలిఫోను తీగ మీద వచ్చింది. తరువాత కరెంటు స్తంభాల మీదుగా ఫైబరు వచ్చింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. మొదట్లో నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్ మూడూ ఇస్తామన్నారు. ఆ వెనుక ప్రైవేటు కంపెనీలు వచ్చాయి. 2020లో కరోనా వచ్చి బడులు మూతపడి, చదువంతా ఫోనులోకి వెళ్ళడంతో, లేనివారు కూడా అప్పో సప్పో చేసి బాక్సు పెట్టించుకున్నారు. కేబుల్ అబ్బాయి వచ్చాడు, మేకు కొట్టాడు, బాక్సు తగిలించాడు, “అన్నా, పాస్‌వర్డు ఏం పెట్టమంటారు?” అన్నాడు. మనకు తోచక “నీ ఇష్టం” అన్నాము. అతను మన సెల్ నెంబరే పెట్టి వెళ్ళిపోయాడు. ఈ హాలులో ఎందరి ఇళ్ళలో ఇలాగే ఉందో చేతులు ఎత్తమంటే ఎత్తుతారా? వద్దు, ఎత్తకండి. ఎత్తితే ఆ సంగతి అందరికీ తెలిసిపోతుంది!

ఇప్పుడు ఒక ఇంటి సంగతి చెబుతాను. ఊరు, పేరు చెప్పను. నాకు తోడల్లుడి వరుస అవుతాడు. చిన్న కిరాణా కొట్టు, వెనుక ఇల్లు, మేడ మీద రెండు గదులు చదువుకునే కుర్రాళ్ళకు అద్దెకు ఇచ్చాడు. పిల్లల క్లాసుల కోసం వైఫై పెట్టించాడు. పాస్‌వర్డు ఆయన సెల్ నెంబరే. ఆ సెల్ నెంబరు కొట్టు బోర్డు మీద గజం పొడుగు అంకెలతో రాసి ఉంది. తాళం వేసి తాళంచెవిని గుమ్మానికే వేలాడగట్టినట్లు అన్నమాట.

ఒకనాడు మగ్రిబ్ వేళకు ఇద్దరు పోలీసులు వచ్చారు. ఎవరో దొంగ ఖాతా తెరిచి, ఒక ఆడపిల్ల ఫోటోను పాడుచేసి ఆమె బంధువులందరికీ పంపారు. ఆ ఖాతా ఏ కనెక్షన్ నుండి నడిచిందని కంపెనీని అడిగితే ఈయన పేరు, ఈయన విలాసం వచ్చింది. ఇంట్లో పందొమ్మిదేళ్ళ కొడుకు ఉన్నాడు. ఇంకేం కావాలి? వాడి ఫోను, చదువుకునే లాప్‌టాపు తీసుకువెళ్ళారు. నాలుగు రోజులు తండ్రీకొడుకులు ఠాణా బెంచీ మీద కూర్చున్నారు. నేను ఆ పోలీసులను తప్పుపట్టను, వారి చేతిలోని కాగితం మీద ఆ ఇంటి పేరే ఉన్నది. చివరకు పిల్లవాడి ఫోనులో, లాప్‌టాపులో ఏమీ లేదని తేలింది, వదిలిపెట్టారు. చేసినవాడు ఎవడో తేలలేదు. ఈ లోపల వాడలో మాట పాకిపోయింది. ఆ నెలలో కూతురికి నిస్బత్ ఖాయం కావలసింది. అవతలివారు ముందు వాయిదా వేశారు, తరువాత మాటే ఎత్తలేదు.

ఇది ఎలా జరుగుతుందో కొంచెం వివరిస్తాను. మీ ఇంటికి ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ మీ కనెక్షన్‌కు ఒక నెంబరు కేటాయిస్తుంది, ఐపీ అడ్రసు అంటారు. ఏ రోజు ఏ గంటకు ఏ నెంబరు ఎవరి పేరు మీద ఉన్నదో కంపెనీ లెక్క రాసి పెడుతుంది. ఇంటి లోపల పది ఫోన్లు తగులుకుని ఉన్నా బయటి ప్రపంచానికి ఆ పదీ ఒకే ఇల్లుగా కనిపిస్తాయి. ఆ పదిలో ఏ ఫోను ఏం చేసిందో మామూలు బాక్సులో ఎక్కువ కాలం నిలవదు, చాలావాటిలో అసలు ఉండదు. అంటే ఎవరు చేసినా పేరు మాత్రం మీదే. నా పాత మీటరు లెక్కే ఇది! కాకపోతే అప్పుడు పోయేది డబ్బు, ఇప్పుడు పోయేది పరువు.

ఇది ఒక చిన్న ఇంటి సంగతి. ఇంకా పెద్దది జరిగింది. 2008 జులై 26న అహమ్మదాబాదులో వరుస పేలుళ్ళు జరిగాయి. ఆ పేలుళ్ళకు కొద్ది నిమిషాల ముందు టీవీ చానెళ్ళకు ఒక ఈమెయిల్ వెళ్ళింది. అది ఎక్కడి నుండి వచ్చిందా అని వెదికితే నవీ ముంబైలోని సాన్‌పాడాలో ఒక అమెరికా దేశస్తుడి ఇల్లు తేలింది. ఆయనకూ ఆ దుర్మార్గానికీ సంబంధం లేదు, ఆయన వైఫైకి తాళం లేదు, అంతే. మరుసటి నెల 23వ తేదీన ఇంకో మెయిల్ మాటుంగాలోని ఖాల్సా కాలేజీ నెట్‌వర్కు నుండి, సెప్టెంబరు 13న ఢిల్లీ పేలుళ్ళ వేళ మరొకటి చెంబూరులోని ఒక కంపెనీ నెట్‌వర్కు నుండి వెళ్ళాయి. దొంగలు మూడుసార్లూ పరాయివారి గుమ్మం మీద నిలబడే పని కానిచ్చారు. 2009 జనవరిలో ముంబై పోలీసులు వీధుల్లో తిరిగి తాళం లేని వైఫైలను వెదికే పని పెట్టుకున్నారు. ఫిబ్రవరిలో కేంద్ర టెలికాం శాఖ వైఫైని భద్రంగా వాడే విషయమై కంపెనీలకు ఉత్తరువులు ఇచ్చింది.

ఆ అమెరికా దేశస్తుడికి వెనుక ఒక దేశం ఉన్నది, వకీళ్ళు ఉన్నారు. అటువంటి విచారణ మన పేట వీధిలో, మన పేర్లు గల ఒక ఇంటికి వచ్చిందనుకోండి. పైకి చెప్పడానికి మొహమాటపడే మాట గాని, మన ఇళ్ళలో తల్లులందరి మనసులో ఉన్న భయమే ఇది. 2007లో హైదరాబాదు మక్కా మసీదు పేలుడు తరువాత పట్టుబడి, జైల్లో ఉండి, నిర్దోషులుగా బయటికి వచ్చిన యువకుల సంగతి మనమెవ్వరమూ మరువలేదు. నిర్దోషి అని తేలుతుంది, కాదనను. తేలడానికి పట్టే కాలం ఎవరిది? ఆ కాలం మన పిల్లవాడి పరీక్షల కాలం, ఉద్యోగం కాలం, చెల్లెలి పెళ్ళి కాలం. ఎవరి మీదా కోపంతో ఈ మాట అనడం లేదు. బాక్సు సరిచేసుకోవడానికి పట్టేది ఒక్క అరగంట, ఆ పక్కన దీన్ని పెట్టి చూసుకోండని మాత్రమే.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది, నిరుడు నందిగామలో ఒక పెద్దాయన నన్ను అడగనే అడిగారు. “పక్కింటి పిల్లవాడు చదువుకుంటానని పాస్‌వర్డు అడిగితే ఇవ్వనని ఎట్లా అంటాం? చిన్న చిన్న వాడుక వస్తువులు పొరుగువారికి ఇవ్వనివారిని ఖుర్ఆన్ నిందించింది గదా?” అన్నారు. మంచి ప్రశ్న. ఆ పెద్దాయన మాట నేను కాదనలేను. లాక్‌డౌనులో మా ఇంటి వైఫై మీద మా వీధి పిల్లలు ముగ్గురు పదో తరగతి పాఠాలు విన్నారు, అది నాకు సంతోషమే. కాని అదే ఖుర్ఆన్‌లో నూర్ సూరాలో పరాయి ఇళ్ళలోకి అనుమతి తీసుకుని, సలాం చెప్పి ప్రవేశించమని కూడా ఉన్నది గదా. వచ్చినవాడు ఎవరో తెలియాలి, నేను రమ్మని ఉండాలి. పక్కింటివారికి ఇవ్వండి. తెలిసి ఇవ్వండి, మీ చేతితో ఇవ్వండి. మీ సొంత తాళంచెవి మాత్రం ఇవ్వకండి.

దానికి ఉపాయం ఉన్నది. ఇప్పుడు వచ్చే చాలా బాక్సుల్లో ‘గెస్ట్ నెట్‌వర్కు’ అని ఒకటి ఉంటుంది. మన ఇళ్ళలో వాకిట్లోనే బయటివారికి కూర్చునే అరుగు కట్టలేదూ, అటువంటిది. దానికి వేరే పేరు, వేరే పాస్‌వర్డు. అందులో ఉన్నవారికి ఇంటర్నెట్ వస్తుంది గాని, సరిగా అమర్చి ఉంటే మన ఇంట్లోని కంప్యూటరు, కెమెరా, ప్రింటరు వారికి కనిపించవు. పరీక్షలు కాగానే ఆ పాస్‌వర్డు మార్చవచ్చు, పని లేనప్పుడు ఆపివేయవచ్చు. అయినా దాని మీద జరిగేది కూడా మన పేరు మీదే లెక్క గనుక, ఇచ్చే ముందు ఆ పిల్లవాడి తండ్రికి కూడా ఒక మాట చెప్పండి.

ఇక అసలు తాళం. ఇది కొంచెం ఓపికగా వినండి.

వైఫైకి మొదట, అంటే 1990లలో, వెప్ అనే తాళం పెట్టారు. 2001 నాటికే దాని లోపం పండితులు బయటపెట్టారు, తరువాత తరువాత దాన్ని తెరవడం నిమిషాల పని అయిపోయింది. దాని స్థానంలో 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ-2 వచ్చాయి. 2018లో డబ్ల్యూపీఏ-3 వచ్చింది. మీ బాక్సులో 3 ఉంటే అది పెట్టండి, పాత ఫోన్లు తగులుకోకపోతే 2, 3 కలిపి ఉన్నది పెట్టండి, అదీ లేకపోతే 2 పెట్టండి. దాని పక్కన ఏఈఎస్ అని ఉండాలి. వెప్ అని గాని, ‘ఓపెన్’ అని గాని ఉంటే ఈ రాత్రే మార్చండి.

డబ్ల్యూపీఏ-2 మంచి తాళమే. దాని బలం మాత్రం పాస్‌వర్డులో ఉన్నది. ఎలాగంటే, మీ ఫోను బాక్సుకు తగులుకునేటప్పుడు రెండూ గాలిలో కొన్ని గుర్తులు ఇచ్చిపుచ్చుకుంటాయి. వీధిలో నిలబడినవాడు ఆ గుర్తులను పట్టి దాచుకోగలడు. ఇంటికి పోయి తీరికగా ఒక్కొక్క పాస్‌వర్డూ వేసి చూసుకుంటాడు. ఆట్లాడుకునే కంప్యూటర్లలో వేసే మంచి గ్రాఫిక్ కార్డు ఒకటి సెకనుకు పది లక్షల దాకా వేసి చూడగలదు. ఎనిమిది అంకెల పాస్‌వర్డులు మొత్తం పది కోట్లు, రెండు నిమిషాలు చాలు. మన దేశంలో సెల్ నెంబరు 6, 7, 8, 9 అంకెలతో మొదలవుతుంది గనుక సెల్ నెంబర్లన్నీ కలిపి నాలుగు వందల కోట్లకు మించవు. గంట పైచిలుకు పని. వాడు భోజనం చేసి వచ్చేసరికి మీ నెంబరు తెర మీద ఉంటుంది.

ఇది ఊహ కాదు. 2021లో ఇజ్రాయెల్‌లో ఒక భద్రతా కంపెనీ పరిశోధకుడు తెల్ అవీవ్ నగరంలో తిరిగి అయిదు వేల వైఫైల గుర్తులు పట్టుకువచ్చి ఇలాగే వేసి చూశాడు. నూటికి డెబ్బై తెరుచుకున్నాయి. కారణం ఏమిటి? అక్కడ కూడా జనం సెల్ నెంబరునే పాస్‌వర్డుగా పెట్టుకుంటున్నారట! ఈ ఒక్క విషయంలో తెల్ అవీవ్‌కూ నందిగామకూ తేడా లేదు. (చెప్పవలసిన మరో మాట: డబ్ల్యూపీఏ-3లో ఈ ఇంటికి తీసుకుపోయి ఊహించే వీలు తీసివేశారు. అందుకే అది మేలు అన్నాను.)

మరి ఎలాంటి పాస్‌వర్డు? పిల్లల పేర్లు, పుట్టినరోజు, బండి నెంబరు, 786 చేర్చి ఏదో ఒకటి, ఇవన్నీ వద్దు. మనవాళ్ళు 786 వేస్తారని మనకంటే వాళ్ళకే బాగా తెలుసు. ఒకదానితో ఒకటి పొంతన లేని నాలుగయిదు తెలుగు మాటలు తీసుకోండి. ఉప్పు, గడియారం, పిచ్చుక, మునేరు, తిరగలి, ఇలాగ. వాటిని ఇంగ్లీషు అక్షరాలలో వరుసగా రాస్తే ఇరవై ముప్పై అక్షరాలు అవుతాయి. అరవై మూడు అక్షరాల దాకా పెట్టుకోవచ్చు. ఇంట్లో పిల్లలకు కథలా గుర్తుంటుంది, యంత్రం ఊహించడానికి ఎంతకాలం పడుతుందో చెప్పడానికి నాకు లెక్కలు చాలవు. ఇప్పుడు నేను చెప్పిన అయిదు మాటలు మాత్రం ఎవరూ పెట్టుకోకండి. ఇంతమంది విన్నారు.

మార్చడం ఎలాగంటే, బాక్సు వెనుకో అడుగునో ఒక చీటీ అంటించి ఉంటుంది. 192.168.1.1 అనో 192.168.0.1 అనో ఒక అడ్రసు, ఒక యూజర్ పేరు, ఒక పాస్‌వర్డు దాని మీద ఉంటాయి. ఇంటి వైఫైకి తగులుకుని ఉండగా ఫోనులో ఆ అడ్రసు కొడితే బాక్సు లోపలి పేజీ తెరుచుకుంటుంది. వైర్‌లెస్ అనే చోట తాళం రకం, పాస్‌వర్డు ఉంటాయి. కొన్ని కంపెనీలు ఈ పని తమ ఫోను యాప్‌లోనే చేయనిస్తాయి. పాస్‌వర్డు మార్చగానే ఇంట్లోని ఫోన్లన్నీ, టీవీ, కెమెరా తెగిపోతాయి, కంగారు పడకండి. ఒక్కొక్కదానికి కొత్తది కొట్టండి. అలా కొడుతుంటే మనవి ఎన్ని ఉన్నాయో లెక్క కూడా తేలుతుంది. మా ఇంట్లో ఆరు అనుకున్నాను, పదకొండు తేలాయి. రెండు ఎవరివో ఇప్పటికీ తెలియదు. పాస్‌వర్డు మార్చాక మళ్ళీ కనబడలేదు.

ఆ లోపలి పేజీకి ఉన్న పాస్‌వర్డు వేరు, వైఫై పాస్‌వర్డు వేరు. చాలామంది రెండోది మార్చి మొదటిది అలాగే వదిలేస్తారు. అది చాలా బాక్సులలో అడ్మిన్, అడ్మిన్ అని ఉంటుంది, దేశమంతటికీ తెలుసు. అది తెలిసినవాడు ఏం చేయగలడో నా భాషలో చెబుతాను. పూర్వం మనకు ఎవరి నెంబరైనా తెలియకపోతే 197కు ఫోను చేసి అడిగేవాళ్ళం. అక్కడి అమ్మాయి చెప్పిన నెంబరు నమ్మి డయలు చేసేవాళ్ళం. ఇంటర్నెట్‌లో కూడా అలాంటి 197 ఒకటి ఉన్నది, డీఎన్ఎస్ అంటారు. మీరు బ్యాంకు పేరు కొడితే ఆ బ్యాంకు ఎక్కడున్నదో అది చెబుతుంది. మీ బాక్సు లోపలికి దూరినవాడు ఆ 197 కుర్చీలో తన మనిషిని కూర్చోబెట్టగలడు. మీరు బ్యాంకు అని కొడితే వాడి దుకాణానికి తీసుకుపోతుంది. బ్యాంకుల పేజీలకు ఇప్పుడు వేరే భద్రత ఉన్నది గనుక ఫోను హెచ్చరిక చూపిస్తుంది. ఆ హెచ్చరిక చూసి కూడా ‘పర్వాలేదు’ అని నొక్కేవారు మనలో ఎందరు?

సీసీ కెమెరాలకు కూడా ఇదే మాట. మన దుకాణాలకు, మసీదులకు, మదర్సాలకు ఇప్పుడు కెమెరాలు పెట్టిస్తున్నారు. దానితోపాటు వచ్చిన పాస్‌వర్డు మార్పించండి. 2016లో మిరాయ్ అనే ఒక పురుగు లోకం మీద పడింది. కంపెనీలవాళ్ళు పెట్టి పంపిన పాస్‌వర్డులు అరవై చిల్లర మాత్రమే దాని చేతిలో ఉన్నాయి. వాటితోనే లక్షల కెమెరాలు, బాక్సులు తెరిచి తన కూలీలుగా మార్చుకుంది. ఆ ఏడు అక్టోబరు 21న ట్విట్టర్ వంటి పెద్ద పెద్ద సైట్లు గంటల తరబడి అమెరికాలో అందకుండా పోయాయి. ఎవరో తమ దుకాణంలో దొంగలు పడకుండా పెట్టుకున్న కెమెరాలు!

డయలు తాళం దగ్గరకు మళ్ళీ వస్తానన్నాను. వైఫైలో కూడా అటువంటి తాళాలు రెండు ఉన్నాయి. ఒకటి, వైఫై పేరు ఎవరికీ కనిపించకుండా దాచడం. రెండు, మనకు తెలిసిన ఫోన్ల గుర్తులు రాసి పెట్టి వాటినే రానివ్వడం, మ్యాక్ ఫిల్టర్ అంటారు. రెండూ పెద్ద కట్టుదిట్టంగా కనిపిస్తాయి. దాచిన పేరు గాలిలో ఫోను పిలిచినప్పుడల్లా బయటపడుతుంది. ఫోను గుర్తును నకలు చేయడం తెలిసినవాడికి క్షణం పని. మీటను టకటక కొట్టినట్టే. ఇవి పెట్టుకోవడం తప్పు కాదు, ఇవి పెట్టుకుని పాస్‌వర్డును సెల్ నెంబరుగా ఉంచడం తప్పు.

డబ్ల్యూపీఎస్ అని ఒక మీట ఉంటుంది, పాస్‌వర్డు కొట్టకుండా తగులుకోవడానికి. దాని ఎనిమిది అంకెల పిన్‌ను బాక్సు రెండు ముక్కలుగా సరిచూస్తుంది, చివరి అంకె లెక్కకోసం వేసినది. అందువల్ల పది కోట్లు కావలసినచోట పదకొండు వేల సార్లు వేసి చూస్తే చాలునని 2011 చివరలో బయటపడింది. అది ఆపివేయండి. బయటి నుండి బాక్సును తెరిచే ‘రిమోట్ మేనేజ్‌మెంట్’ను కూడా ఆపివేయండి. కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ ఇస్తే వేయించండి. 2017లో బెల్జియం పండితుడొకరు డబ్ల్యూపీఏ-2లోనే ఒక సందు కనిపెట్టారు, కొత్త సాఫ్ట్‌వేర్ వేసినవారికే అది పూడింది. బాక్సును వసారాలో అందరి చేతికీ అందేలా పెట్టకండి. వెనుక చీటీ చదివేవారు ఉంటారు, సూది పెట్టి నొక్కితే అంతా మొదటికి వచ్చే చిన్న చిల్లు కూడా ఒకటి ఉంటుంది.

ఆ వెనుక వరుసలో కూర్చున్న కుర్రవాళ్ళకు ఒక మాట. ‘ఏ వైఫై అయినా తెరుస్తుంది’ అనే యాప్‌లు మీ ఫోన్లలో ఉన్నాయని నాకు తెలుసు. వాటిలో చాలావరకు చేసేది ఏమిటంటే, ఒకరి ఫోనులో ఉన్న పాస్‌వర్డులను ఎత్తుకుపోయి ఇంకొకరికి పంచడం. మీరు మీ మామయ్య ఇంటికి పోయి పాస్‌వర్డు అడిగి కొట్టుకున్నారు, ఆ యాప్ దాన్ని లోకానికి చాటింది. 2019 ఏప్రిల్‌లో అటువంటి యాప్ ఒకటి పోగుచేసిన ఇరవై లక్షలకు పైగా వైఫై పాస్‌వర్డులు ఏ కాపలా లేకుండా ఇంటర్నెట్‌లో పడి ఉండగా బయటపడ్డాయి. అందులో చాలా ఇళ్ళవే. పైగా పరాయి నెట్‌వర్కులోకి అనుమతి లేకుండా దురుద్దేశంతో దూరడం 2000 నాటి ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల క్రింద నేరం. మూడేళ్ళ దాకా జైలు, లేదా అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. సరదాకు చేశామంటే వినే మేజిస్ట్రేటు ఎవరూ ఉండరు బేటా.

ఎవరో మీ వైఫైలోకి దూరి తప్పుడు పని చేశారని తెలిస్తే, సిగ్గుపడి దాచకండి. మా తోడల్లుడు చేసిన పొరపాటు అదే. నెలకు ముందే నెట్ నిదానించిందని, తెలియని ఫోన్లు కనబడుతున్నాయని కొడుకు చెప్పినా “పోనీలే” అన్నాడు. తెలియని ఫోన్లు కనబడితే ఆ పేజీని ఫోటో తీసి, తేదీతో దాచిపెట్టి, పాస్‌వర్డు మార్చండి. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోను చేయండి. మిగతా సైబరు నేరాలకు కేంద్ర హోం శాఖవారి సైబర్ క్రైమ్ పోర్టల్ ఉన్నది, మన ఊరి స్టేషను ఉండనే ఉన్నది. మనం ముందు పోయి చెప్పిన ఫిర్యాదుకు, వాళ్ళు వచ్చి అడిగినప్పుడు చెప్పిన జవాబుకు ఉండే తేడా నేను నాలుగు రోజులు ఆ బెంచీ పక్కన నిలబడి చూశాను.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు, ముగిస్తాను. భోజనాల తరువాత నేను, మా అబ్బాయి పందిరి పక్క గదిలో అసర్ దాకా కూర్చుంటాము. ఎవరికి సందేహం ఉన్నా రండి, బాక్సు కంపెనీ పేరు, మోడల్ నెంబరు ఒక కాగితం మీద రాసుకుని వస్తే ఎక్కడ నొక్కాలో చూపిస్తాము. ఇంటికి ఫోను చేసి బాక్సు వెనుక చీటీని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపించమని మాత్రం చెప్పకండి. దాని మీద మీ పాస్‌వర్డు ఉంటుంది.

సెలవు. ఖుదా హాఫిజ్.